నాలుగో పేపరు బదులు నలభై మొక్కలు

బరంపురంలో బీఎస్సీ మొదటి ఏడాది చదివి, రెండో ఏడాదికి విశాఖపట్నంలో ఒక కాలేజీలో చేరడానికి వెళ్ళిన రోజున, అక్కడి హెడ్ గుమాస్తా నా కాగితాలన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీరు మూడొంతులు రెండో ఏడాదిలో ఉన్నారమ్మా. ఒక వంతు మొదటి ఏడాదిలో ఉన్నారు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. నా పక్కనున్న నాన్నకి అంతకంటే రాలేదు.

అవి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులు. నాన్న టెక్కలి తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా అక్కాబావలు బరంపురంలో ఉండేవారు కాబట్టి ఇంటరయ్యాక నన్ను వాళ్ళింట్లో ఉంచి చదివించారు. ఏడాది తిరిగేసరికి బావకి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. అక్కడ ఇక నాకు ఇల్లు లేదు. విశాఖపట్నంలో ఆడపిల్లల హాస్టల్లో చోటు దొరికింది గనక ఇటు వచ్చాం. నా మెయిన్ బోటనీ. ఈ మాట టెక్కలిలో చెప్తే "అయితే డాక్టరవుతావన్నమాట" అనేవారు. "కాదండీ, మొక్కల గురించి" అంటే, పాపం అన్నట్టు చూసేవారు.

చిక్కు ఏమిటంటే, బరంపురంలో నేను రాసిన మూడు పేపర్లకు ఇక్కడ అలాంటివే మూడున్నాయి. నాలుగోది అక్కడ తోటల పెంపకం. అంట్లు కట్టడం, పాదులు తియ్యడం, పండ్ల చెట్లకు తెగుళ్ళు. ఇక్కడ నాలుగోది సముద్రతీరపు మొక్కలు. ఆ పేరు నా కాగితాల్లో ఎక్కడా లేదు. "ఈ ఒక్క పేపరు కోసం మొదటి ఏడాది పిల్లలతో మళ్ళీ కూర్చోవాలి. అది గట్టెక్కితేగాని రెండో ఏడాది మెయిన్ మొదలెట్టడానికి లేదు" అన్నాడు గుమాస్తా.

"ఒక ఏడాది పోతుందా?" అన్నాడు నాన్న.

"పోవాలని లేదు. బయట చదివినదాన్ని ఇక్కడి పేపరుకు బదులుగా తీసుకోవచ్చని ఒక రూలుంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బోటనీ హెడ్డుగారు ఒప్పుకుని సంతకం పెడితే నేను రాసేసుకుంటాను."

ఎవరూ అడగని రూలు ఒకటుందని వినగానే నాన్న ముఖం వెలిగిపోయింది. అర్జీలు రాయడంలో ఆయన్ని మించినవాడు మా తాలూకాలో లేడని పేరు. అక్కడే వరండాలో బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో నా సర్టిఫికెట్ల సంచీ పెట్టుకుని, నాలుగు పేజీల అర్జీ రాశాడు. మొదటి రెండు పేజీల్లోనూ విద్య గొప్పతనం ఉంది. అసలు సంగతి మూడో పేజీలో ఎక్కడో వచ్చింది.

"నాన్నా, ఇంత పొడుగెందుకు?" అన్నాను.

"అర్జీ అంటే అలాగే ఉండాలమ్మా. సదివేసరికి ఆయనకి ఓపిక అయిపోవాల. అయిపోతే సంతకం పెట్టేత్తాడు."

హెడ్డుగారు పొడుగ్గా, సన్నగా, బొత్తిగా నవ్వని మనిషి. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవారు. నాన్న అర్జీలో మొదటి రెండు పేజీలూ ముట్టుకోకుండా తిప్పి, మూడో పేజీలో నాలుగు వాక్యాలు చదివి పక్కన పెట్టారు. నా బరంపురం నోటుపుస్తకం మాత్రం శ్రద్ధగా చూశారు.

"చదువు సమానమే. కానీ ఈ పుస్తకం నిండా మనిషి నాటిన మొక్కలే ఉన్నాయి. ఎవరూ నాటనివాటి సంగతేమిటి? సముద్రపుటొడ్డున వాటంతట అవే పెరిగే మొక్కలు నలభై సేకరించు. అణిచి, ఆరబెట్టి, కాగితాలకు అంటించి, ప్రతిదానికీ శాస్త్రీయ నామమూ, స్థానిక నామమూ రాసి తీసుకురా. అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పు. అప్పుడు నీ తోటల పేపరును మా పేపరుకు బదులుగా అంగీకరిస్తాను. పన్నెండు రోజులు గడువు."

"నలభయ్యా సార్?" అన్నాను.

"నలభై ఒకటైనా అభ్యంతరం లేదు."

బయటికొచ్చాక నాన్న దిగాలుపడ్డాడు. నాకు మాత్రం ఒళ్ళంతా చక్కిలిగింతలు పెట్టినట్టుంది. సముద్రపుటొడ్డు కావాలిట! మా మేనత్త కాపురం ఉద్దానంలో. పూండి స్టేషన్లో దిగి ఇసక దారిన పోతే, కొబ్బరి తోటల అవతల ఆమె ఇల్లు, ఇంటి వెనక జీడితోట, తోట దాటితే సముద్రం. చిన్నప్పుడు సెలవులన్నీ నేను అక్కడే గడిపాను. ఏడాది చదువు ఆపగల మొక్కలన్నీ మా అత్త దొడ్డి వెనకే ఉన్నాయి!

మర్నాడే పూండిలో దిగాను. చేతిలో ఒక ట్రంకుపెట్టె, అందులో బరంపురం మాస్టారు చదువుకోమని ఇచ్చిన లావుపాటి మొక్కల పుస్తకం, రెండు చెక్కపలకలు, మోకులాంటి తాడు. అత్త బండి కట్టించుకుని స్టేషన్‌కి వచ్చింది. సంగతంతా విని బండిలోనే పడీపడీ నవ్వింది.

"గడ్డికి పరీచ్చేటే గుంటా! మా గేదెనంపుతాను, దానికి ఫస్టుక్లాసిచ్చేత్తారు."

"గేద తినేస్తుంది అత్తా. నేను అణిచి ఎండబెట్టాలి."

"ఎండేది? వోన పట్టేసింది కాదేటి?"

అదే నేను మరిచిపోయాను. తొలకరి మొదలైంది. మొక్క ఆరకపోతే కాగితంలోనే బూజు పడుతుంది. ఆ ఒక్క నిమిషం నాకు భయమేసింది. అత్తకి మాత్రం వెయ్యలేదు. ఇంటికి చేరగానే వంటింట్లో పొయ్యి మీదున్న అటక ఖాళీ చేయించింది. మా మావ ఎన్నేళ్ళనుంచో దాచుకున్న వార్తాపత్రికల కట్టలన్నీ దింపేసింది.

"అవి నాను సదవాల" అన్నాడు మావ.

"మనదేశానికి సొతంత్రం వొచ్చేసింది. ఇంకేటి సదువుతావు?" అంది అత్త.

మావ తోటలూ పొలాలూ ఉన్న రైతు, మాటకారి కాదు, భారీ మనిషి. ఆ భారీతనమే నాకు పనికొచ్చింది. మొక్కని పత్రికల మధ్య పరిచి, పలకల మధ్య పెట్టి, పైన బరువు వెయ్యాలి. సన్నికల్లు వేశాం, తిరగలి వేశాం. మొగలి రేకుల్లాంటి మొండి ఆకులు వాటికి లొంగలేదు. అత్త ఒకసారి ఆ పలకలకేసి, ఒకసారి మావకేసి చూసింది.

"ఒరే మావా" అంది. పెళ్ళికి ముందు అలవాటు, ఆయన ఆమెకి సొంత మావే. "ఇలా వొచ్చి కూకో."

మావ వచ్చి పలకల మీద కూర్చున్నాడు. కింద ఆకులు పటపటమన్నాయి. ఆనాటినుంచి రోజూ భోజనం కాగానే ఆయన రెండు గంటలు దానిమీద కూర్చోవాలి. వీధిలో పోయేవాళ్ళు "ఏటి మావా, పీటలమీద కూకున్నావు, మళ్ళీ పెళ్ళేటి?" అని పలకరించేవారు. "మా గుంట సదువుకుంతంది" అనేవాడు మావ గంభీరంగా. నా చదువులో ఆయన వాటా అంత నిండుగా మరెవరూ తీసుకోలేదు.

పొద్దుటే అత్తా నేనూ బయల్దేరేవాళ్ళం. నా దగ్గర పుస్తకం, ఆమె దగ్గర కొడవలి. జీడిచెట్ల కింద ఇసకలోనూ, కొబ్బరి తోటల గట్లమీదా, అలలు తడిపే చోటుకి కాస్త ఇవతలా, కంటికి కనబడ్డవన్నీ వేళ్ళతో సహా తవ్వేవాళ్ళం. నేను పువ్వు విప్పి రేకులు లెక్కపెట్టి పుస్తకంలో శాస్త్రీయ నామం వెతికేదాన్ని. స్థానిక నామం అత్త చెప్పేది. అడగడం ఆలస్యం, ఆమె నోట పేరు సిద్ధం. జిల్లేడు, ఉత్తరేణి, పల్లేరు, గచ్చ, తుమ్మి. నేను గబగబా రాసుకునేదాన్ని.

ఇరవై మొక్కలు దాటాక పేర్లు కొంచెం వింతగా రాసాగాయి. ఇసక మీద మైళ్ళకొద్దీ పాకే ఊదారంగు పువ్వుల తీగ ఒకటుంది. మేకడెక్కలాంటి ఆకు. దాన్ని చూపించి "ఇదేమిటత్తా?" అన్నాను.

అత్త ఒక్క క్షణం ఆలోచించింది. "తాసీల్దారు తీగ."

"ఆ పేరెందుకు?"

"సూడు, ఎవులి బూమని సూడకుండా ఎలగ పాకేసిందో."

సమంజసంగానే తోచింది. రాసేశాను. ముట్టుకుంటే చాలు చీరకి అంటుకుని వదలని ముళ్ళకాయ మొక్కకి "ఆడపడుసు మాట" అంది. పొద్దెక్కితే పువ్వు ముడుచుకునేదానికి "మరిది మొకం" అంది. "పనున్నప్పుడు మా మరిది మొకం అలగే ముడుసుకుంతాది" అని వివరణ కూడా ఇచ్చింది. నేను టెక్కలి బజారులో పెరిగినదాన్ని. పల్లెటూళ్ళలో మొక్కలకి ఇంత చక్కని పేర్లుంటాయి కాబోలని మురిసిపోయి, గుండ్రని అక్షరాలతో చీటీల మీద ఎక్కించాను.

ముప్ఫై తొమ్మిది అయ్యాయి. నలభయ్యోదిగా నేను కోరుకున్నది రావణాసురుడి మీసం. ఇసక తిన్నెల మీద సూదుల్లాంటి ఆకులతో పెరిగే గడ్డి అది. గుత్తి ముదిరాక తల్లినుంచి విడిపోయి, పెద్ద ముళ్ళబంతిలా గాలికి ఇసకమీద దొర్లుకుంటూ పోతుంది. విరగని బంతి ఒకటి కావాలి నాకు.

ఆ రోజు గాలి మహా జోరుగా ఉంది. దూరంగా వాన దిగుతోంది. తిన్నె ఎక్కేసరికి ఒడ్డంతా బంతులే! పదో, పదిహేనో, ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి. నేను చెప్పులు వదిలేసి పరిగెత్తాను. చేతికి అందినట్టే అంది, ఎగిరి అవతల పడేది. వెనకనుంచి అత్త, "అటుకాదే, ఇటు! సముద్రం వేపు రా!" అని అరుస్తోంది. తర్వాత అరవడం మానేసి కొంగు నడుముకి చుట్టి తనూ పరిగెత్తింది. నలభై అయిదేళ్ళ మనిషి, నలుగురు కోడళ్ళ అత్తగారు, ఇంట్లో అడుగు తీసి అడుగు వేస్తే మోకాళ్ళ నొప్పులనేది, ఆ రోజు లేడిలా దూకింది. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు పని ఆపి చూశారు. వాళ్ళలో ఒకతను "ఏటి పోయిందమ్మా?" అని కేకేశాడు.

"మీసం!" అంది అత్త పరిగెడుతూనే.

"ఎవులిది?"

"రావనాసురుడిది!"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. ఇద్దరు మనుషులు లేచి మాతోపాటు పరుగందుకున్నారు. ఆఖరికి ఒక బంతి తడి ఇసకలో చిక్కుకుని ఆగింది. నేను దానిమీదికి దూకబోతుంటే అత్త నాకంటే ముందు దూకింది. ముళ్ళు గుచ్చుకుని "ఓలమ్మో!" అంటూనే వదల్లేదు. ఇద్దరం ఇసకలో కూలబడి, ఊపిరాడక, ఒకరినొకరు చూసి నవ్వుతూ ఉంటే వాన వచ్చి మామీద పడింది. కదలబుద్ధి కాలేదు. అంత తేలిగ్గా, అంత ఉత్తపుణ్యానికి సంతోషంగా ఉన్న రోజు నాకు జీవితంలో మరొకటి గుర్తులేదు.

ఆ గడ్డి ఆకుల్ని అణిచి నలభయ్యో షీటు చేశాను గాని, బంతిని మాత్రం అణచలేదు. మావ కూర్చోనన్నాడు.

పన్నెండో రోజున పొద్దుటి ప్యాసింజరెక్కాను. అత్త నాతో వచ్చింది. కట్ట నలిగిపోకుండా చూస్తానని పైకి చెప్పింది గాని, విశాఖపట్నం చూడాలని ఆమెకి ఎప్పటినుంచో ఉంది. నౌపడలో జనం విరగబడి ఎక్కారు. పెద్దాయన ఒకరు చోటు లేక మా కట్టమీద కూర్చోబోయి, తప్పని తెలిసి లేవబోయాడు. అత్త ఆయన భుజం పట్టి కూర్చోబెట్టింది. "కూకో బాబూ, ఆమదాలవలస దాకా లెగకు. ఇంకా రెండాకులు ఆరనేదు" అంది.

కాలేజీలో హెడ్డుగారు నా కట్ట విప్పి ఒక్కొక్క షీటూ తీసి చూడసాగారు. అత్త బయట వరండాలో, ముళ్ళబంతిని మూటగట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టెక్కలినుంచి వచ్చిన నాన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకో అర్జీ జేబులో సిద్ధంగా ఉంది.

మొదటి ఇరవై షీట్లూ ఆయన తలాడిస్తూ చూశారు. నా గుండె కుదుటపడింది. ఇరవై మూడోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. షీటు కిటికీ వెలుగులోకి పెట్టుకుని చదివారు.

"స్థానిక నామం, తాసీల్దారు తీగ."

"అవును సార్."

తర్వాతి షీటు. "ఆడపడుచు మాట." ఇంకోటి. "మరిది ముఖం." తలెత్తి నాకేసి చూశారు. ముఖంలో కోపమో ఏమిటో తెలియలేదు. "ఈ పేర్లు నీకు ఎవరు చెప్పారు?"

అప్పుడు తెలిసింది నాకు. ఏడు పేర్లు! ఏడూ మా చుట్టాల మీదా, ఊళ్ళో వాళ్ళ మీదా అత్తకున్న అభిప్రాయాలు! ఏడాది పోయిందనుకున్నాను. అదే సమయంలో కడుపులోనుంచి నవ్వు తన్నుకొస్తోంది. పెదవి కొరుక్కుని, "మా మేనత్త సార్. బయటున్నారు" అన్నాను.

"రమ్మను."

అత్త లోపలికొచ్చింది. భయం లేదు, బెరుకు లేదు. హెడ్డుగారు తీగ చూపించి, "అమ్మా, దీని పేరేమిటి?" అన్నారు.

"తాసీల్దారు తీగ బాబూ."

అంతవరకూ పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడిన మనిషి, కుర్చీలో వెనక్కి వాలి, ఉన్నట్టుండి, "ఏటప్పా, మా నందిగాం కాడ దీన్ని బాలబంద అంటారు కాదేటి?" అన్నారు. అక్కని అప్ప అనడం మా వైపు మాట, నందిగాం మా టెక్కలి పక్కనే.

నేనూ నాన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అత్త మాత్రం తడుముకోలేదు.

"నీది నందిగామేటి బాబూ! అలాగ సెప్పు. మీ కాడ సముద్రముందేటి? ఈ తీగ మీకెలగ తెలుత్తాది?"

"మా అమ్మమ్మది ఉద్దానం."

"అయితే బాలబందే" అని ఒప్పేసుకుంది అత్త. "నాకు పేరు గుర్తు రానేదు. తెల్దంటే గుంట సదువు ఆగిపోద్దని సెప్పీసాను."

ఆయన నవ్వారు. నవ్వని మనిషి నవ్వితే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. ముందు భుజాలు కదిలాయి, తర్వాత బల్ల కదిలింది, కళ్ళజోడు జారి ఉత్తరేణి మీద పడింది. వరండాలోంచి హెడ్ గుమాస్తా ఏం ప్రమాదం జరిగిందోనని పరిగెత్తుకొచ్చాడు. నేనిక ఆపుకోలేక గోడకేసి తిరిగి నవ్వాను. నాన్న కూడా నవ్వుతున్నాడు, జేబులో అర్జీ పట్టుకుని.

నవ్వయ్యాక కళ్ళు తుడుచుకుని మళ్ళీ గంభీరమైపోయారు హెడ్డుగారు. "పేర్లు తప్పైతే మొక్కలు తప్పుకావు. ఇప్పుడు చెప్పు. ఈ తీగ ఇంత గాలిలో ఇసకమీద ఎలా నిలబడుతుంది?"

పుస్తకంలో ఏముందో నాకు గుర్తు రాలేదు. చేతులకి గుర్తొచ్చింది. "ఆకు మొలిచిన ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది సార్. ఒక చోట పీకుదామని లాగితే ఇంకోచోట పట్టుకునుంది. నేనూ అత్తా ఇద్దరం లాగినా తీగంతా రాలేదు. కింద ఇసక గట్టిగా ఉంది. పక్కన తీగలేని చోట ఇసక ఎగిరిపోతోంది."

ఇంకా అడిగారు. మొగలికి ఊతవేళ్ళు ఏ వైపు ఎక్కువ, ఒడ్డు మొక్కల ఆకులు దళసరిగా ఎందుకుంటాయి, ముళ్ళబంతి దొర్లడంవల్ల గడ్డికేం లాభం. చివరిదానికి జవాబుగా నేను నోరు తెరిచేలోపే అత్త మూట విప్పి బంతిని బల్లమీద పెట్టింది. పంకాగాలికి అది దొర్లి ఆయన ఒళ్ళో పడింది. "ఇలగ ఇత్తనం దూరం పోద్ది బాబూ" అంది.

"ఇది నలభై ఒకటోదా?" అన్నారు ఆయన, చొక్కాకి గుచ్చుకున్న ముళ్ళు జాగ్రత్తగా తీసుకుంటూ.

నా కాగితం మీద రాశారు: బయట చదివిన తోటల పెంపకం పేపరును, సమర్పించిన నలభై నమూనాలతో కలిపి, సముద్రతీరపు మొక్కల పేపరుకు బదులుగా అంగీకరించడమైనది. కింద సంతకం. ఏడు పేర్లూ నెలలోగా సరిదిద్దాలని ఒక షరతు. గుమాస్తా రిజిస్టరు తెరిచి, నా పేరెదుట నాలుగో గడిలో "బదులు" అని రాసి ముద్ర గుద్దాడు. "ఇప్పుడు మీరు నాలుగొంతులూ రెండో ఏడాదిలోనే ఉన్నారమ్మా" అన్నాడు. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

ఆ సాయంత్రం అత్తకి ఊరు చూపించాం. ఓడరేవులో పెద్ద ఓడని చూసి "ఇందులో మన పూండంతా పట్టేద్ది" అంది. హోటల్లో మసాలా దోసె తిని, ఇంకొకటి తెప్పించి మావకి ఆకులో కట్టించుకుంది.

మర్నాడు రెండో ఏడాది క్లాసులో కూర్చున్నాను. నలుగురం ఆడపిల్లలం, ముందు బెంచీలో. మాస్టారు నల్లబల్లమీద కణం బొమ్మ వేసి ఏదో గబగబా చెప్పుకుపోతున్నారు. అప్పటికే నాకు రెండు వారాల పాఠాలు తప్పిపోయాయి. ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కనున్న అమ్మాయి నోటుపుస్తకం కాస్త నా వైపు జరిపింది. నేను బొమ్మ దింపుకోవడం మొదలుపెట్టాను. ఆ బొమ్మలో ప్రతి గీతా నాకు కొత్తే. నవ్వుతున్న నా ముఖం చూసి ఆ అమ్మాయి మెల్లిగా, "ఇందులో అంత సంతోషించడానికి ఏముంది?" అని అడిగింది.